చీటీ

మిర్చి యార్డు గేటుకి ఎదురుగా మేడ మీది గది.
ఫ్యాన్ వేస్తే ఘాటు, ఆపితే ఉక్క.
పున్నయ్య గారి కమిషన్ దుకాణంలో
లెక్కలు రాసేదాన్ని.
ఈమధ్య ప్రోగ్రాములు కూడా రాస్తున్నాను,
జీతం మాత్రం లెక్కలకే.

పని చెప్పడానికి చిన్నది.
కోల్డ్ స్టోరేజీ వాళ్ళ సైటులోకి వెళ్ళి
మన టిక్కీలు ఏ గదిలో ఎన్ని ఉన్నాయో
రెండువందల పద్దెనిమిది లాట్లకీ చూసి రావాలి.
చేత్తో నొక్కితే ఒక మధ్యాహ్నం హరీ.
స్క్రిప్టయితే నా తుమ్ము ఆగేలోపు
చూసొచ్చేస్తుందనుకున్నాను.

పేరు ఇచ్చాను, పాస్‌వర్డ్ ఇచ్చాను.
స్వాగతం, అంది సర్వర్.
మొదటి లాటు అడిగాను.
ఎవరు మీరు, అంది.

ఇప్పుడే కదా తల్లీ స్వాగతమన్నావు!
మళ్ళీ పేరు, మళ్ళీ స్వాగతం.
మళ్ళీ లాటు, మళ్ళీ ఎవరు మీరు.
రాత్రి పదింటిదాకా
ఒకే గుమ్మం ముందు
ముఖం తెలియని చుట్టంలా నిలబడ్డాను.

పొగరు కాదు దానిది.
జవాబు చెప్పి తలుపేసిన మరుక్షణం
దాని దగ్గర మన ముఖం ఉండదు, అంతే.
అందుకే గుర్తుంచుకునే బరువు
మన చేతిలోనే పెట్టి పంపుతుంది.
కుకీ అంటారు దాన్ని.
తినేది కాదు,
అర్థంకాని అక్షరాలతో ఒక చీటీ.
నేనేమో ప్రతిసారీ దాన్ని గడపలోనే పారేసి
వట్టి చేతులతో తిరిగి వెళ్తున్నాను.

కింద గేటు దగ్గర నాగుల్ మీరా
నన్ను పదకొండేళ్ళుగా చూస్తున్నాడు.
మా తమ్ముడి పెళ్ళిలో
పప్పుచారు రెండోసారి అడిగి పోయించుకున్నాడు.
అయినా పొద్దున్నే చెయ్యి చాపుతాడు. "చీటీ?"
"నేనే కదా భాయ్."
"మీరే. చీటీ?"
గుర్తుపట్టడం వేరు, లోపలికి పంపడం వేరని
ఆ రాత్రి మెట్ల మీద కూర్చుంటే తెలిసింది.

ఒక్క పంక్తి మార్చాను. సెషన్ తెరిచాను.
చీటీని సంచిలో దాచుకుని
అడగకముందే చూపించే నమ్మకస్తురాలది.
లాటు ఒకటి: తేజ, నలభై టిక్కీలు, నాలుగో గది.
లాటు రెండు: బాడిగ, పన్నెండు. గది మారింది.
ఎవరు మీరు అనలేదు.
పున్నయ్య గారు మాత్రం
"ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా" అన్నారు.

ఇంకో చిక్కు. ఇరవై నిమిషాలు మాట్లాడకపోతే
చీటీకి చలి తగిలి చచ్చిపోతుంది.
పదిహేను నిమిషాలకోసారి
పనిలేకపోయినా తలుపు తట్టి
ఉన్నానని చెప్పొచ్చే ముక్క ఒకటి రాశాను.
దాని పేరు పలకరింపు.
ఆ పేరు టైపు చేస్తుంటే
చుట్టుగుంటలో ఉండే అక్క గుర్తొచ్చింది.
మూడు కిలోమీటర్లు. ఎన్నాళ్ళయిందో
లెక్కలు రాసే నాకే తెలీదు.
ఫోను తీశాను. పొద్దుపోయిందని పెట్టేశాను.

ఫిబ్రవరిలో, సరుకు ముంచెత్తే రోజుల్లో,
నూట ముప్పయ్యో లాటు దగ్గర స్క్రిప్టు ఆగింది.
స్టోరేజీ వాళ్ళు సర్వర్ మార్చారట.
నా చేతిలో చీటీ ఉంది, చదివేవాళ్ళు లేరు.
ఆ వారమే నాగుల్ మీరా రిటైరయ్యాడు.
కొత్త కుర్రాడు నా చీటీని అటూ ఇటూ తిప్పి
"ఈ రంగువి చెల్లవు మేడం. మీ పేరు?" అన్నాడు.
పదకొండేళ్ళ గొంతు పెగల్లేదు కాసేపు.
తర్వాత చెప్పాను, ఇంటిపేరుతో సహా.

పైకొచ్చి ఆఖరి వాక్యం రాశాను:
ఎవరు మీరు అంటే అలగొద్దు.
మళ్ళీ పేరు చెప్పు, కొత్త చీటీ తీసుకో,
మొదటినుంచి కాదు, ఆగిన చోటునుంచి అడుగు.

అది నడుస్తుండగానే అక్కకి ఫోన్ చేశాను.
నంబరు మారింది కదా నాది.
"ఎవరండీ?" అంది.
పేరు చెప్పబోతే ఘాటుకి తుమ్మొచ్చింది,
ఒకటి, రెండు, ఆగి మూడోది.
"ఇంకా ఆ యార్డు దగ్గరే ఏడుస్తున్నావా" అంది అక్క.